అక్కకు ఎర్రగా పండిన టమోటా నాకు పసుపు దగ్గరే ఆగిపోయింది: మన సీమ ఎండల్లో ఏది ఎప్పుడు నాటాలి, ఎప్పుడు కోయాలి?

మిద్దెతోట_అనంత | అనంతపురం | మే 6

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

జనవరి చివర్లో నేనూ, మదనపల్లెలో ఉండే మా అక్కా ఒకే టమోటా విత్తన ప్యాకెట్ చెరిసగం పంచుకున్నాం. ఒకే వారంలో నారు పోసుకున్నాం, ఫిబ్రవరి చివర్లో నాటుకున్నాం. ప్యాకెట్ మీద 65 నుంచి 70 రోజులు అని ఉంది. అక్క పది రోజులుగా ఎర్రటి కాయలు కోస్తూ ఫోటోలు పంపుతోంది. నా మొక్కలు నడుము దాటి పెరిగాయి, పువ్వు గుత్తులు గుత్తులుగా వస్తోంది, రెండో రోజుకే తొడిమ దగ్గర పసుపు తిరిగి రాలిపోతోంది. మార్చిలో నిలిచిన కాయలు ఓ పదిహేను ఉన్నాయి. అవి కూడా నారింజ రంగు దాకా వచ్చి ఆగిపోయాయి. ఎర్రబడతాయని చూస్తుంటే చెట్టు మీదే మెత్తబడుతున్నాయి.

విత్తనాల అంగడిలో అడిగితే పూత నిలబడే మందని ఒకటి ఇచ్చారు. రెండుసార్లు కొట్టాను, తేడా లేదు. మొత్తం 20 నల్ల గ్రో బ్యాగులు, మిద్దె గచ్చు మీదే పెట్టాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్లు పోస్తున్నాను. మూడు నెలల శ్రమ కళ్ల ముందే రాలిపోతుంటే చాలా టెన్షన్‌గా ఉంది. విత్తనంలో లోపమా, నా చేతిలో లోపమా? ఉన్న కాయలు ఇప్పుడు కోసేయాలా, ఆగాలా?

పెన్నా_ఒడ్డు | కడప | మే 6

విత్తనంలో లోపం లేదు, నీ చేతిలోనూ లేదు తల్లీ. మార్చి దాటాక మన ఊళ్లలో మిద్దె మీద టమోటా పూత నిలవడం కష్టం. కడపలో నేను పన్నెండేళ్లుగా చూస్తున్నాను. మొదటి మూడేళ్లు నేనూ నీలాగే మందులు కొట్టాను.

ఆ మందు ఇంక కొట్టొద్దు. ముందు ఈ రోజే ఆ సంచులను గచ్చు మీద నుంచి లేపి ఇటుకల మీద పెట్టు. మధ్యాహ్నం ఒకసారి సంచిలో వేలు గుచ్చి చూడు, మట్టి ఎంత కాలుతోందో నీకే తెలుస్తుంది. ఇంకోటి, పైపుతో పోస్తుంటే పైపులో నిలిచిన నీళ్లు మరిగి ఉంటాయి. ముందు వాటిని బకెట్‌లోకి వదిలేసి, చల్లటి ధార వచ్చాకే మొక్కకు పట్టు.

కేసీ_కాలువ | కర్నూలు | మే 7

పెన్నా ఒడ్డు అక్క చెప్పింది నిజం. కారణం కూడా తెలిస్తే మనసు కుదుటపడుతుందని రాస్తున్నాను, కొంచెం పొడుగవుతుంది.

టమోటా పువ్వులో పుప్పొడి పనిచేయాలంటే రాత్రి చల్లగా ఉండాలి. పగలు 35 డిగ్రీలు, రాత్రి 24 డిగ్రీలు దాటే రోజులు వరసగా వస్తే పుప్పొడి చెడిపోతుంది, కాయ కట్టదు, మొక్క పువ్వును వదిలేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురంలో గానీ కర్నూల్లో గానీ రాత్రి తొమ్మిదికి మిద్దె మీద చెప్పుల్లేకుండా నిలబడలేం. ఇక మొక్క సంగతి చెప్పాలా!

రంగు సంగతి వేరు. ఎరుపునిచ్చే లైకోపీన్ అనే పదార్థం 30 డిగ్రీలు దాటితే సరిగా తయారు కాదు. పసుపునిచ్చే కెరోటిన్ మాత్రం తయారవుతూనే ఉంటుంది. అందుకే కాయ నారింజ రంగు దగ్గర నిలిచిపోతుంది. అది పండలేదని కాదు. పండింది, ఎరుపు మాత్రం రాలేదు.

మీ అక్కగారి మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది, అనంతపురం అందులో సగమే. ఎత్తు పెరిగే కొద్దీ వేడి తగ్గుతుంది. అక్కడ రాత్రిళ్లు మనకంటే చల్లగా ఉంటాయి కాబట్టే ఎండాకాలంలో కూడా ఆ మార్కెట్‌కు టమోటా వస్తుంది. ప్యాకెట్ ఒకటే అయినా దాని మీద ముద్రించిన రోజులు మీ ఇద్దరికీ ఒకటి కావు. టమోటా ప్యాకెట్ల మీద రోజులు సాధారణంగా నారు నాటిన నాటి నుంచి లెక్క, విత్తనం వేసిన నాటి నుంచి కాదు. కొత్తవాళ్లు ఇక్కడే నెల రోజులు పొరబడతారు.

నేను రోజుల బదులు వేడి లెక్క వేసుకుంటాను. ఆ రోజు ఎక్కువ వేడినీ, తక్కువ వేడినీ కూడి సగం చేసి, అందులోంచి 10 తీసేయాలి. 10 డిగ్రీల కింద టమోటా ఎదగదు కాబట్టి ఆ పది లెక్కలోకి రాదు. జనవరిలో 31, 17 అనుకుంటే సగటు 24, మిగిలేది 14. ఏప్రిల్‌లో 39, 26 అనుకుంటే సగటు 32న్నర, మిగిలేది 22న్నర. అంటే ఏప్రిల్లో ఒక్క రోజు జనవరిలో రోజున్నరకు పైమాటే. బెండ, గోరుచిక్కుడు లాంటి వేడిని ఓర్చుకునే వాటికి ఈ లెక్క బాగా పనికొస్తుంది. టమోటాకు పైన చెప్పిన హద్దు దాటాక పనికిరాదు. వేడి ఎక్కువైతే మొక్క పరుగెత్తదు, ఆగిపోతుంది.

పత్తికొండ_చేను | పత్తికొండ, కర్నూలు జిల్లా | మే 7

మాది టమోటా పండించే ఇల్లు. చెల్లెమ్మా, ఆ కాయలు ఈ రోజే కోసెయ్.

చెట్టు మీద ఎర్రబడేదాకా ఆగేది చలికాలంలో. ఎండాకాలంలో మేం దోరకాయే కోస్తాం. కాయ అడుగున ఆకుపచ్చ పోయి తెల్లబడి, ఒక చుక్క పసుపో గులాబీ రంగో తిరిగిందంటే ఇంక దానికి చెట్టుతో పని లేదు. నీడన తనంతట తాను పండుతుంది. చెట్టు మీదే పెడితే ఎండకు తొక్క తెల్లగా పొక్కుతుంది, లేకపోతే పక్షి పొడుస్తుంది.

కోశాక ఫ్రిజ్‌లో పెట్టొద్దు. 12 డిగ్రీల కంటే చల్లగా ఉంటే దోరకాయ సరిగా పండదు, రుచి చచ్చిపోతుంది. ఇంట్లో మాత్రం చల్లటి చోటు కావాలి. పెద్ద మట్టి తొట్టిలో చిన్న తొట్టి పెట్టి, మధ్యలో ఇసుక పోసి, ఇసుకను రెండు పూటలా తడుపు. కాయలు చిన్న తొట్టిలో ఒక వరసే పెట్టి పైన తడిగుడ్డ కప్పు. మన గాలి పొడి గాలి కాబట్టి లోపల బాగా చల్లబడుతుంది.

మిద్దెతోట_అనంత | అనంతపురం | మే 15

పత్తికొండ అన్నా, మీరు చెప్పినట్టే చేశాను. అప్పటికే నారింజ రంగు వచ్చినవి అలాగే ఉన్నాయి, పప్పులోకి వాడేశాను. దోరగా ఉన్న ఆరు కాయలు ఇసుక తొట్టిలో పెడితే వారానికి ఎర్రబడ్డాయి. అంగట్లో కొన్నంత ఎరుపు కాదు గానీ ఎరుపే! మా అత్తమ్మ ఒకటి కోసి ఉప్పు చల్లి చేతికిచ్చింది. ఎంత సంతోషమైందో చెప్పలేను.

కేసీ కాలువ సార్, మీ లెక్క నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఇప్పుడు ఈ మొక్కలు ఉంచాలా పీకాలా? పక్క సంచుల్లో వంగ కూడా ఉంది.

పెన్నా_ఒడ్డు | కడప | మే 15

టమోటా పీకెయ్. ఆకు ముడత ఉన్న మొక్క ఒక్కటి ఉన్నా తెల్లదోమ దాన్ని తర్వాతి పైరుకు అంటిస్తుంది. వంగ పీకొద్దు. మోకాలి కింద దాకా కత్తిరించి, గుప్పెడు వేపచెక్క, గుప్పెడు నానబెట్టిన శెనక్కాయ చెక్క వేసి, సంచి పైన శెనక్కాయ పొట్టు మందంగా పరువు. జూన్‌లో నాలుగు చినుకులు పడగానే చిగురేస్తుంది. నా వంగ మొక్క ఒకటి అట్లా మూడేళ్లు కాసింది.

వంకాయ ఎప్పుడు కోయాలో కూడా చెప్తాను, చాలామంది పెద్దదవుతుందని ఆశకు పోయి చేదు చేసుకుంటారు. కాయ మీద మెరుపు ఉన్నప్పుడే కోయాలి. బొటనవేలితో నొక్కితే గుంత వెంటనే పైకి లేవాలి. మెరుపు పోయి తొక్క మసకబారిందంటే లోపల గింజ ముదిరింది. గుత్తివంకాయకైతే కోడిగుడ్డు కంటే చిన్నగా ఉన్నప్పుడే నేను కోసేస్తాను.

డాలస్_గోంగూర | టెక్సాస్ (సొంతూరు ప్రొద్దుటూరు) | మే 18

ఈ చర్చ చదువుతుంటే మా పెరడే గుర్తొచ్చింది. డాలస్‌లో కూడా ఇదే కథ అండీ. ఇక్కడ మార్చి మధ్యలో ఆఖరి మంచు పోతుంది. వెంటనే టమోటా నాటితే జూన్ లోపు కాయ వస్తుంది. జులై, ఆగస్టులో మీకు లాగే పూత రాలిపోతుంది. సెప్టెంబర్ చివర్లో మళ్లీ కాయ కడుతుంది, నవంబర్ నడిమికల్లా మంచు వచ్చి మొక్కను కాల్చేస్తుంది. మంచు పడుతుందన్న రాత్రికి ముందు ఉన్న పచ్చికాయలన్నీ కోసేసి, దోరవాటిని కాగితంలో చుట్టి పెట్టెలో పెడతాం, మిగతావి పచ్చిటమోటా పచ్చడి. మీకు ఎండ ఆపుతుంది, మాకు ఎండా ఆపుతుంది, మంచూ ఆపుతుంది.

నా బాధ చిక్కుడు. ఏప్రిల్‌లో విత్తితే కంచె అంతా అల్లుకుని పక్కింటివాళ్ల చెట్టు ఎక్కుతుంది. సెప్టెంబర్ చివరి దాకా ఒక్క పువ్వు లేదు. పూత వచ్చి కాయ నిండే లోపు మంచు. నాలుగేళ్లుగా ఇంతే. అమ్మ ఫోన్‌లో బూడిద చల్లమంటుంది, వేపనూనె కొట్టమంటుంది. ఎవరైనా చెప్పగలరా?

కేసీ_కాలువ | కర్నూలు | మే 19

ఇది వేడి లెక్క కాదమ్మా, పగటి పొడుగు లెక్క. మన పాత తీగ చిక్కుడు, అనప (పితికిపప్పు చేసుకునే చిక్కుడు జాతి) రెండూ రాత్రి పొడుగైతేనే పువ్వేస్తాయి. మన సీమ 14, 15 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. ఎంత పెద్ద పగలైనా 13 గంటలే, ఎంత చిన్నదైనా 11 గంటల పైనే. మీ డాలస్‌లో జూన్ పగలు 14 గంటలు దాటుతుంది. మొక్కకు పగలు కురచయ్యే కబురు మీ దగ్గర శరత్కాలంలో గానీ అందదు. మన పెద్దవాళ్లు అనపను చేలో జులైలో వేసి సంక్రాంతికి కోసేది ఇందుకే. ఉగాదికి వేసినా అదే సంక్రాంతికి కాస్తుంది, మధ్యలో తీగ మేపడమే మిగులుతుంది.

పగటి పొడుగుతో పని లేని పొట్టి రకాలు ఉన్నాయి. బెంగళూరు హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధనా సంస్థ ఇచ్చిన అర్కా జయ్ అలాంటి పొద చిక్కుడే. మీ దేశంలో అమ్మే పొద రకం ఏదైనా ఆ గుణం ఉన్నది చూసుకోండి. ఇక్కడి నుంచి విత్తనం సూట్‌కేసులో తీసుకుపోకండి, అనుమతి లేకుండా తేకూడదని అక్కడా నియమం ఉంది, ఇక్కడా ఉంది.

ఇది నాకు అనుభవంలో తెలిసిన మాట. అమెరికా చలి రాష్ట్రం నుంచి మా తమ్ముడు ఎర్రగడ్డ (ఉల్లిగడ్డ) విత్తనం తెచ్చాడు, అప్పట్లో నియమం మాకు తెలియదు. ఎర్రగడ్డలకు పేరున్న కర్నూల్లో ఉండి, ఐదు నెలలు ఆకు తప్ప గడ్డ చూడలేదు. అక్కడి ఎర్రగడ్డకు 14 గంటల పగలు ఉంటే గానీ గడ్డ కట్టదు. మన ఊరికి ఆ పగలు ఎప్పటికీ రాదు. మన రకాలకు 11, 12 గంటలు చాలు.

డాలస్_గోంగూర | టెక్సాస్ | మే 19

నాలుగేళ్ల ప్రశ్నకు జవాబు దొరికింది సార్. అయితే నా గోంగూర ఎండాకాలమంతా ఆకు మీద ఆకు వేసేది కూడా ఇందుకేనా? ఊళ్లో అమ్మ వేసింది జానెడు కాకముందే పువ్వేసిందని అంటుంది.

కేసీ_కాలువ | కర్నూలు | మే 19

ఇందుకే. గోంగూర కూడా కురచ పగటి పైరే. అమ్మగారు సెప్టెంబర్, అక్టోబర్‌లో వేసి ఉంటారు. ఆకు కావాలంటే జూన్‌లో వేయమనండి. మొగ్గ కనబడితే తుంచేయమనండి, కొన్నాళ్లు ఆకు సాగుతుంది.

మెల్‌బోర్న్_పెరడు | ఆస్ట్రేలియా (సొంతూరు నంద్యాల) | మే 20

మీ దగ్గర మే అంటే ఎండ, నా దగ్గర మే అంటే స్వెట్టర్. ఇక్కడ టమోటా నారును మెల్‌బోర్న్ కప్ గుర్రప్పందెం రోజున, అంటే నవంబర్ మొదటి మంగళవారం నాటాలని ఊరంతా అంటారు. నేను వచ్చిన మొదటి ఏడాది మన అలవాటు ప్రకారం జూన్‌లో నాటి, 60 మొక్కలు చలికి నల్లబడితే వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఇప్పుడు జూన్‌లో మెంతి, పాలకూర, కొత్తిమీర వేస్తాను. మీరు అక్టోబర్‌లో వేసుకునేవే.

బెండ మాత్రం ఇక్కడ ఏడిపిస్తుంది. అనంతపురంలో పువ్వు పూసిన మూడో రోజుకు కోసే కాయను నేను వారం దాకా కోయలేను.

పత్తికొండ_చేను | పత్తికొండ, కర్నూలు జిల్లా | మే 21

బెండకు రోజులు చూడొద్దు, కొన విరిచి చూడు. టప్ మని విరిగితే లేత. వంగి తోలులాగా సాగితే ముదురు. ఎండాకాలంలో ఒక రోజు ఊరికి పోయొస్తే చాలు, కాయ కట్టెగా మారుతుంది. ముదిరిన కాయను చెట్టు మీద వదలొద్దు, వదిలితే మొక్క పని అయిపోయిందనుకుని పూత తగ్గిస్తుంది. విత్తనానికి ఒక మొక్క విడిగా పెట్టుకో.

మా నాన్న శెనక్కాయ చేలో కూడా ఇంతే. కదిరి 6 రకానికి వంద రోజుల పైచిలుకు అంటారు. మా నాన్న మాత్రం చేలో నాలుగు చోట్ల చెట్టు పీకి, కాయ ఒలిచి తొక్క లోపలి వైపు చూసేవాడు. తెల్లగా ఉంటే ఇంకా పాలు, గోధుమ రంగు తిరిగి నల్లబడితే పీకొచ్చు. వాన పడిన ఏడాది ఒక లెక్క, పడని ఏడాది ఒక లెక్క. క్యాలెండర్ చూసి పీకింది నేనెప్పుడూ చూడలేదు.

బెంగళూరు_బాల్కనీ | బెంగళూరు (సొంతూరు హిందూపురం) | జూన్ 3

ఆలస్యంగా వచ్చాను. బీర తీగకు పూత విపరీతంగా ఉంది, పిందె ఒక్కటీ నిలవడం లేదు. నాలుగో అంతస్తు, తేనెటీగలు కనబడవు. పొద్దున ఆరింటికే లేచి మగ పువ్వుతో అద్దుతున్నాను, అయినా పిందె పసుపు తిరిగి ఎండిపోతోంది. అక్కా, అన్నా, ఎవరైనా చెప్పండి.

పెన్నా_ఒడ్డు | కడప | జూన్ 3

నాయనా, బీర పువ్వు విచ్చేది సాయంత్రం. ఐదు దాటాక చూడు, పసుపు పువ్వులు ఒక్కొక్కటే విచ్చుకుంటాయి. అప్పుడు అద్దాలి. సొర కూడా పొద్దుగూకాకే, తెల్ల పువ్వు కదా. కాకర, గుమ్మడి, దోస పొద్దున్నే. నువ్వు అద్దే వేళకు బీర పువ్వు వాడిపోయి ఉంటుంది.

ఇంకా ఎండ ఎక్కువ, పగలు పొడుగు ఉన్నప్పుడు తీగ జాతులన్నీ మగ పువ్వులే ఎక్కువ వేస్తాయి. వాన చల్లబడ్డాక ఆడ పువ్వులు పెరుగుతాయి. కంగారు పడి తీగ కోసేయొద్దు.

కోత సంగతి అడగకపోయినా చెప్తాను. బీరకాయ గోరు సులువుగా దిగితే లేత. సొరకాయ మీద సన్నటి నూగు ఉండాలి, నూగు రాలి నున్నగా మెరిస్తే ముదిరింది. గుమ్మడికి అంతా తలకిందులు, గోరు దిగకూడదు, తొడిమ బెరడు కట్టి ఎండాలి. పప్పులోకి వేసే దోసకాయ పూర్తిగా పసుపు తిరగాలి. ఆకుకూర ఏదైనా తెల్లవారుజామున కోస్తే సాయంత్రం దాకా నిగనిగలాడుతుంది. మధ్యాహ్నం కోస్తే వంటింటికి వచ్చే లోపే తల వాలుస్తుంది.

బెంగళూరు_బాల్కనీ | బెంగళూరు | జూన్ 11

అక్కా, మీకు చాలా రుణపడి ఉంటాను. సాయంత్రం అద్దిన నాలుగు పిందెల్లో మూడు నిలిచాయి.

మిద్దెతోట_అనంత | అనంతపురం | జులై 9

మీరన్నట్టే ఇప్పుడు మిద్దె మీద వంగ చిగురేసింది. రోహిణి ఎండలు రోళ్లు పగలగొట్టి పోయాక గోరుచిక్కుడు, అలసంద, బెండ విత్తాను, అన్నీ మొలిచాయి. టమోటా నారు ఎప్పుడు పోయాలి? అంగట్లో ఇప్పుడే పోయమంటున్నారు.

మా మామగారు మఖ కార్తెలో పోయమంటారు. కార్తె లెక్క పట్టుకోవచ్చా?

కేసీ_కాలువ | కర్నూలు | జులై 9

మామగారి మాట మంచిదే. మఖ కార్తె ఆగస్టు మధ్యలో వస్తుంది. కార్తెలు సూర్యుడి నడకను బట్టి పెట్టినవి కాబట్టి ఏటా అదే తేదీల దగ్గర వస్తాయి. అంటే అవీ ఒక రకంగా క్యాలెండరే, మన వానలకు సరిపోయేటట్టు పెద్దలు కట్టుకున్న క్యాలెండర్. అయితే అది ఈ సీమ నేలకే. డాలస్ అమ్మకు మఖ పనికిరాదు.

నేనైతే వెనక నుంచి లెక్కపెడతాను. మనకు రాత్రి 22 డిగ్రీల కిందికి దిగేది అక్టోబర్ చివర్లో. పూత అప్పటికి రావాలి. నాటిన నెలకు పూత, నారు పెరగడానికి ఇంకో నెల పడుతుంది. అంటే ఆగస్టు చివర నారు పోసి సెప్టెంబర్ చివర నాటాలి. అనంతపురానికి ఏడాది మొత్తం మీద పడే వాన 550 మిల్లీమీటర్ల దగ్గరే, అందులో పెద్ద వాటా సెప్టెంబర్, అక్టోబర్‌లదే. నారు చిన్నగా ఉన్నప్పుడు వాన దెబ్బకు పడిపోకుండా పైన ఒక పట్టా ఏర్పాటు చేసుకోండి. ఆకుముడత భయం ఉంటే అర్కా రక్షక్ రకం చూడండి, ముడత వైరస్‌ను, బాక్టీరియా ఎండు తెగులును, ఆకుమాడు తెగులును తట్టుకుంటుంది.

పెన్నా_ఒడ్డు | కడప | జులై 10

కడపవాళ్లు ఇంకో పది, పదిహేను రోజులు ఆగండి. మాకు ఈశాన్య రుతుపవనాల వాన నవంబర్‌లో కూడా దంచుతుంది. తుఫాను పట్టిన ఏడాది అక్టోబర్‌లో పూతకొచ్చిన మొక్క మొత్తం కుళ్లింది నాకు. రెండు విడతలుగా నాటుకుంటే ఒకటైనా చేతికొస్తుంది.

కొత్తిమీర, మెంతి కూడా దసరా దాటాకే. ఇప్పుడు వేస్తే నాలుగు ఆకులకే కొత్తిమీర పువ్వేస్తుంది.

మిద్దెతోట_అనంత | అనంతపురం | డిసెంబర్ 14

ఇన్ని నెలలు రాయనందుకు క్షమించండి. ఆగస్టు 27న నారు పోశాను, సెప్టెంబర్ 26న పది మొక్కలు, అక్టోబర్ 10న పది మొక్కలు నాటాను. సంచులన్నీ ఇటుకల మీద, పైన శెనక్కాయ పొట్టు. అక్టోబర్ ఎండకు మొదటి విడతలో మొదటి పూత కొంత రాలింది. భయపడలేదు, రాత్రి చలి కోసం చూశాను. నవంబర్ మొదటి వారం నుంచి రాలడం ఆగింది.

ఈ రోజు పొద్దున మొదటిసారి చెట్టు మీదే ఎర్రబడిన కాయలు కోశాను, రెండున్నర కిలోలు. మొదటి విడతకు 79 రోజులు పట్టింది. ప్యాకెట్ మీద 65 నుంచి 70 అనే ఉంది. అక్కకు ఫోటో పంపితే ఆమె మొక్కలు చలికి ఇంకా పచ్చికాయల మీదే ఉన్నాయట.

కొన్ని కాయల అడుగున నల్లటి మచ్చ పడి తోలులాగా గట్టిపడింది. అది తెగులా?

కేసీ_కాలువ | కర్నూలు | డిసెంబర్ 14

చాలా సంతోషం అమ్మా. ఆ మచ్చ తెగులు కాదు. ఒక రోజు ఎండబెట్టి ఒక రోజు ముంచితే కాయ కొసకు సున్నపు అంశం చేరదు, అక్కడ కణాలు చచ్చిపోతాయి. నీళ్లు రోజూ ఒకే కొలతలో పోయండి, తర్వాతి కాయలకు రాదు. మచ్చ కోసేసి మిగతాది వండుకోవచ్చు.

డాలస్_గోంగూర | టెక్సాస్ | డిసెంబర్ 20

నేనూ ఒక మాట చెప్పాలి. ఆగస్టులో ఒక తొట్టి చిక్కుడుకు రోజూ సాయంత్రం ఆరింటికి నల్లగుడ్డ కప్పి పొద్దున ఏడింటికి తీశాను, మూడు వారాలు. సెప్టెంబర్ మొదట్లోనే పూత వచ్చింది. మంచు పడే లోపు నాలుగుసార్లు కోశాను. నేలలో ఉన్న తీగ ఎప్పటిలాగే అక్టోబర్ దాకా పూయలేదు. అమ్మకు వీడియో కాల్‌లో చూపిస్తే ఆమె కళ్లు చెమర్చాయి.

మిద్దెతోట_అనంత | అనంతపురం | జనవరి 11

టమోటా ఇంకా కాస్తోంది. మిరప కూడా ఎర్రబడింది, మా అత్తమ్మ కొత్త చింతపండు వేసి కొరివికారం నూరాలని ఆగి ఉంది.

జులైలో మూలన ఒక పెద్ద తొట్టిలో అనప గింజలు కూడా వేశాను, ఇక్కడ చెప్పలేదు. ఇప్పుడు తీగ నిండా కాయ. సంక్రాంతికి పితికిపప్పు చేయాలని ఇంట్లో అందరి ఆశ. కోతకు వచ్చిందో లేదో ఎట్లా తెలుస్తుంది?

పెన్నా_ఒడ్డు | కడప | జనవరి 11

పొద్దున్నే మంచు ఆరకముందు మిద్దె ఎక్కు. కాయను వేళ్లతో పట్టుకో. చేతికి జిడ్డు అంటి, అనపకాయ వాసన రావాలి. లోపల గింజ బొటనవేలికి గుండ్రంగా తగలాలి, కాయ మాత్రం ఇంకా పచ్చగానే ఉండాలి. అట్లా ఉన్నవి రేపు కోసి, రాత్రికి గింజలు నానబెట్టు. ఎల్లుండి పొద్దునకు తొక్క పితికితే జారి వస్తుంది. సంగటిలోకి అయితే రెండు తెల్లగడ్డలు (వెల్లుల్లి) ఎక్కువే దంచు.